టైమ్ ట్రావెల్ యానిమేల్లో దేనితో మొదలుపెట్టాలి? స్టైన్స్ గేట్ బలాలు, లోపాలు, దాని పక్కన ఇంకో ఐదు

టైమ్ ట్రావెల్ యానిమే, అంటే జపాన్ యానిమేషన్, ఏదైనా చెప్పమని అడిగితే ఎక్కువమంది నోట ముందు వచ్చే పేరు స్టైన్స్ గేట్. ఆ మాట నమ్మి మొదలుపెట్టినవాళ్లలో చాలామంది నాలుగైదు ఎపిసోడ్లకే ఆపేసి, ఇందులో ఏముందని ఇంతలా మోస్తున్నారని విసుక్కుంటారు. ఇద్దరి మాటా నిజమే. ఆ సిరీస్ నిజంగా గొప్పది, దాని ఫస్టాఫ్ నిజంగా నెమ్మది, ఈ రెండో సంగతి ముందే చెప్పకుండా చూడమనడం వల్లే గొడవంతా వస్తోంది. అందుకే దాని బలాలూ లోపాలూ విప్పి చెప్పి, పక్కనే ఇంకో ఐదింటిని పెట్టి, ఎవరికి ఏది నప్పుతుందో రాస్తున్నాను. పెద్ద మలుపులు బయటపెట్టను, కానీ సెటప్ వరకూ మాట్లాడక తప్పదు.

మన తెలుగువాళ్లకి టైమ్ ట్రావెల్ అనగానే 1991లో వచ్చిన ఆదిత్య 369 గుర్తొస్తుంది, మెషిన్ ఎక్కి రాయలవారి కాలానికి వెళ్లడం, అక్కడి నుంచి భవిష్యత్తులోకి దూకడం. ఇక్కడ చెప్పబోయే ఆరింటిలో ఒక్కదానికీ అలాంటి ప్రయాణం ప్రధానం కాదు. వీటిలో ఎక్కువగా మనుషులు తమ జీవితంలోకే వెనక్కి వెళ్తారు, కొన్ని గంటలో, కొన్ని రోజులో, మహా అయితే పద్దెనిమిదేళ్లో, అదీ జరిగిపోయినదాన్ని దిద్దుకోవడానికి. పాత కాలాలు తిరిగి చూడాలనుకునేవాళ్లు వేరే చోట వెతుక్కోవాలి.

ఇలాంటి కథల్లో పెద్ద చిక్కు ఒకటుంది. హీరో వెనక్కి వెళ్లగలడని తెలిశాక మనకి టెన్షన్ ఎందుకుండాలి? ఓడిపోతే మళ్లీ మొదటికెళ్లి ఇంకోసారి ప్రయత్నిస్తాడు, అంతేగా. ఈ చిక్కును రచయిత ఎలా దాటాడన్నదే నేను మొదట చూసేది. వెనక్కి వెళ్లినందుకు హీరో ఏం చెల్లించుకున్నాడు, ఆ శక్తికి హద్దు ఎక్కడుంది, ఆ హద్దును చివరిదాకా పాటించారా లేక క్లైమాక్స్‌లో అవసరం కొద్దీ గాలికొదిలేశారా అన్నది ముఖ్యం. యానిమేషన్, పాటలు, ఫైట్లు ఆ తర్వాతే. ఈ లెక్కలో స్టైన్స్ గేట్ మిగతా ఐదింటికంటే ముందుంటుంది కాబట్టి దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుదాం.

2009లో వచ్చిన ఒక వీడియో గేమ్ దీనికి మూలం, ఆడటం కంటే చదవడమే ఎక్కువుండే రకం గేమ్. వైట్ ఫాక్స్ స్టూడియో దాన్ని 24 ఎపిసోడ్ల సిరీస్‌గా తీస్తే 2011 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ప్రసారమైంది. కథ జరిగేది టోక్యోలోని అకిహబారాలో, ఎలక్ట్రానిక్స్ షాపులకీ యానిమే బొమ్మలకీ పేరుపడ్డ ఏరియా అది. పాత డబ్బా టీవీలు అమ్మే షాపు పైన ఒక గది అద్దెకు తీసుకుని, దానికి ల్యాబ్ అని పేరు పెట్టుకున్న కాలేజీ కుర్రాడు ఒకాబే రింటారో. తెల్లకోటు వేసుకుని, తనకు తాను హోవోయిన్ క్యోమా అనే బిల్డప్ పేరు తగిలించుకుని, పిచ్చి సైంటిస్టునని చెప్పుకుంటూ, అవతల ఎవరూ లేని ఫోన్లో రహస్య సంస్థల గురించి మాట్లాడుతుంటాడు. తోడుగా చిన్ననాటి స్నేహితురాలు మయూరి, హ్యాకింగ్ తెలిసిన దారు. తర్వాత అమెరికా నుంచి వచ్చిన యువ శాస్త్రవేత్త మకిసే కురిసు చేరుతుంది. వీళ్లు మైక్రోవేవ్‌కి సెల్‌ఫోన్ తగిలించి చేసిన పరికరంలో అరటిపండు పెడితే పచ్చటి జెల్లీ అయిపోతుంది, అదే పరికరం నడుస్తున్నప్పుడు పంపిన మెయిల్ గతంలోకి వెళ్లిపోతుంది.

ఇక్కడే ఆ సిరీస్ అసలు బలం మొదలవుతుంది. ఆ పరికరంతో గతంలోకి మనిషి వెళ్లడు, ఒక మెయిల్ వెళ్తుంది, అది కూడా 36 బైట్లు దాటకూడదు, అవతలి ఫోన్‌కి మూడు ముక్కలుగా విడిపోయి చేరుతుంది. 36 బైట్లంటే జపనీస్‌లో పద్దెనిమిది అక్షరాలు. మన తెలుగులో యూనికోడ్ లెక్కన ఒక్కో గుర్తుకీ మూడు బైట్లు పడతాయి, ఒత్తుకీ దీర్ఘానికీ కూడా విడివిడిగా, కాబట్టి "రేపు రావద్దు" అనే రెండు మాటలకే 34 బైట్లు అయిపోతాయి. అంత ఇరుకు సందేశంతో ఎవరి జీవితాన్ని మారుస్తారు, ఏం రాస్తే అవతలివాడు నమ్ముతాడు? ఈ చిన్న హద్దు వల్ల ప్రతి మెయిల్ ఒక జూదం అవుతుంది. తర్వాత జ్ఞాపకాలను వెనక్కి పంపే యంత్రం వస్తుంది, దానికీ 48 గంటల హద్దు పెట్టారు. ఈ రెండు అంకెలనీ చివరిదాకా మర్చిపోరు, అది చాలా అరుదు.

రెండోది, ఖరీదు. గతం మారినప్పుడు లోకమంతా ఏమీ జరగనట్టు కొత్త గతంతోనే బతుకుతుంది, పాతది ఒకాబే ఒక్కడికే గుర్తుంటుంది. మొదట్లో అది అతనికి గర్వకారణం, తన పిచ్చి సైంటిస్టు వేషానికి సరిగ్గా సరిపోయే శక్తి. తర్వాత తర్వాత అదే శిక్ష అవుతుంది. ఫస్టాఫ్‌లో స్నేహితులు ఒక్కొక్కరూ ఒక్కో మెయిల్ పంపుతారు, ఒక్కొక్కరిదీ ఒక్కో కోరిక, ఒక అమ్మాయి చనిపోయిన నాన్నను కూడా అలాగే తిరిగి తెచ్చుకుంటుంది. ఆ ఒక్క మెయిల్‌తో అకిహబారా వీధుల్లో యానిమే షాపులూ, పనిమనిషి వేషంలో అమ్మాయిలు వడ్డించే మెయిడ్ కేఫ్‌లూ మాయమై, ఒట్టి ఎలక్ట్రానిక్స్ మార్కెట్ మిగులుతుంది. బోర్డులన్నీ మారిపోయిన ఆ వీధిలో ఒకాబే నిలబడి అటూ ఇటూ చూస్తుంటాడు, పక్కన నడుస్తున్నవాళ్లకి అది ఎప్పటి నుంచో అలాగే ఉంది. సెకండాఫ్ అంతా ఆ మెయిళ్లను ఒక్కొక్కటిగా రద్దు చేయడమే. అంటే కళ్లెదురుగా సంతోషంగా ఉన్న మనిషి దగ్గరికెళ్లి, నీకు దక్కింది వదులుకో అని అడగాలి, వాళ్లు ఒప్పుకున్నాక అలా ఒప్పుకున్న సంగతి కూడా వాళ్లకి గుర్తుండదు. టైమ్ ట్రావెల్‌కి ఇంత బరువైన ఖరీదు కట్టించిన కథ నేను చూసినవాటిలో ఇంకోటి లేదు.

మూడోది, బయట నిజంగా ఉన్నవాటిని కథలో కలిపిన తీరు. 2000, 2001 ప్రాంతంలో జాన్ టైటర్ అనే పేరుతో ఒక వ్యక్తి ఇంటర్నెట్‌లో తాను 2036 నుంచి వచ్చానని, 1975 నాటి ఐబీఎం 5100 కంప్యూటర్ కోసం వచ్చానని రాసేవాడు, అమెరికాలో అంతర్యుద్ధం వస్తుందని కూడా చెప్పాడు, అదేమీ జరగలేదు. సిరీస్‌లో ఆ టైటర్ 2010లో ప్రత్యక్షమవుతాడు, కంప్యూటర్ పేరు ఒక అక్షరం మార్చుకుని ఐబీఎన్ 5100 అయింది, స్విట్జర్లాండ్ సరిహద్దులోని సెర్న్ పరిశోధన సంస్థ కూడా ఇంగ్లీష్ స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం మార్పుతో విలన్ అయింది. మొదటి ఎపిసోడ్‌లో కనిపించే రేడియో కైకాన్ భవనం అకిహబారా స్టేషన్ పక్కన నిజంగానే ఉంది, పాతది కూల్చేసి కొత్తది కట్టి 2014లో తెరిచారు. ఇవేవీ తెలియకపోయినా కథ అర్థమవుతుంది, తెలిస్తే మాత్రం మజా పెరుగుతుంది.

ఇక ఒకాబే పాత్రకి గొంతిచ్చిన మమోరు మియానో గురించి చెప్పకపోతే అన్యాయం. అదే వెకిలి నవ్వు మొదటి ఎపిసోడ్‌లో చిరాకు తెప్పిస్తుంది, చివరికొచ్చేసరికి అదే నవ్వు వింటే గొంతు పట్టేస్తుంది. ఆ వేషం ఎందుకు మొదలైందో మధ్యలో చిన్న ఫ్లాష్‌బ్యాక్‌లో చెప్తారు, ఆ తర్వాత అతని పిచ్చి మాటలు ఇంకెప్పుడూ జోకుల్లా వినపడవు.

సరే, లోపాలు. మొదటిది అందరూ చెప్పేదే, ల్యాగ్. అసలు దెబ్బ పడేది 12వ ఎపిసోడ్ చివర్లో, మన సినిమా భాషలో అది ఇంటర్వెల్ బ్యాంగ్. అక్కడిదాకా కుర్రాళ్ల కబుర్లు, ప్రయోగాలు, అరటిపండ్లు, మెయిళ్లు. ఆ కబుర్లలో పడేసిన ప్రతి చిన్న విషయమూ తర్వాత పనికొస్తుందని వాదించొచ్చు, అది నిజం కూడా, అయినా రెండు మూడు ఎపిసోడ్లు తగ్గించినా కథకి నష్టముండేది కాదని నా అభిప్రాయం. ముఖ్యంగా రెండో ఎపిసోడ్ నుంచి ఐదో ఎపిసోడ్ దాకా ఓపిక కావాలి.

రెండోది ఇంతకంటే పెద్దది, దీని గురించి అభిమానులు మాట్లాడరు. దారు ఆడపిల్లల మీద వేసే జోకులు పరమ వెగటు, ఒకసారి రెండుసార్లు కాదు, సిరీస్ పొడవునా. లుకా అనే పాత్ర ఉంది, ఆడపిల్లలా సున్నితంగా కనిపించే అబ్బాయి, అతను కనిపించిన ప్రతిసారీ ఒకాబే మనసులో అందమంతా వర్ణించి "కానీ అబ్బాయి" అని ముగిస్తాడు. ఆ అబ్బాయి కోరిక కథకి ముఖ్యం, దాన్ని గౌరవంగా రాయగలిగిన చోటు కూడా ఉంది, మళ్లీ అదే పాత్రను అసభ్యంగా తడిమి నవ్వించాలని చూసిన సీన్ కూడా ఉంది. ఆ సీన్‌ని ఏ సాకుతోనూ సమర్థించలేం. హాల్లో అమ్మానాన్నల ముందు పెట్టుకుని చూసే సిరీస్ కాదిది.

మూడోది, విలన్ తేలిపోయాడు. సెర్న్ ప్రపంచాన్ని ఏలబోతోందని అంటారు, తుపాకులు పట్టుకున్న మనుషులు తలుపు బద్దలుకొట్టుకుని వస్తారు, కానీ వాళ్ల వెనుక ఎవరున్నారు, ఏం ఆలోచిస్తున్నారు అన్నది దాదాపు కనిపించదు. సైన్స్ కూడా అక్కడక్కడా అదృష్టం మీద ఆధారపడుతుంది: కింద షాపులో ఉన్న పెద్ద డబ్బా టీవీ ఆన్‌లో ఉన్నప్పుడే పైన మైక్రోవేవ్ పనిచేయడం లాంటివి. కురిసు టైమ్ ట్రావెల్ సిద్ధాంతాలు పదకొండింటిని వరసపెట్టి చెప్తుంటే వినడానికి బాగుంటుంది, కానీ భౌతికశాస్త్రం చదువుకున్నవాళ్లు కొంచెం పక్కకి జరిగి కూర్చోవాలి. తన నియమాల వరకు కథ నిజాయితీగా ఉంది కాబట్టి నేను దీన్ని చిన్న లోపంగానే చూస్తాను.

ఇప్పుడు పక్కవాళ్లు.

ఎరేజ్డ్, 2016, కేవలం 12 ఎపిసోడ్లు, కెయ్ సాంబే మాంగా, అంటే జపనీస్ కామిక్, ఆధారంగా. 2006లో పిజ్జా డెలివరీ చేసుకుంటూ బతికే 29 ఏళ్ల సతోరు, ఇంట్లో జరిగిన ఒక ఘోరం తర్వాత ఉన్నపళంగా 1988లో హొక్కైడో మంచులో తన చిన్ననాటి ఒంట్లో కళ్లు తెరుస్తాడు. అక్కడ హినజుకి కయో అనే క్లాస్‌మేట్ కొద్దిరోజుల్లో హత్యకు గురవుతుందని అతనికి తెలుసు. స్టైన్స్ గేట్ పన్నెండు ఎపిసోడ్లలో చేసింది ఇది మొదటి ఎపిసోడ్‌లోనే చేసేస్తుంది, అంత బిగువు. ఇంట్లో దెబ్బలు తిని పెరిగిన కయో ఒక రోజు సతోరు ఇంట్లో నిద్రలేచి, వాళ్లమ్మ వేడివేడిగా వండి ముందు పెట్టిన టిఫిన్ చూసి, ఒక్క మాటా మాట్లాడకుండా ఏడ్చే సీన్ ఒకటుంది. అందులో టైమ్ ట్రావెల్ లేదు, సస్పెన్స్ లేదు, ఒక పళ్లెంలో అన్నం, దానికి అలవాటుపడని పిల్ల మొహం. ఆ సీన్ చాలు ఈ సిరీస్ చూడటానికి. సతోరు అమ్మ సచికో యానిమేల్లో నాకు తెలిసిన బెస్ట్ అమ్మల్లో ఒకరు.

లోపం ఏంటంటే హంతకుడెవరో మూడు నాలుగు ఎపిసోడ్లకే ఊహించేస్తారు, అనుమానించడానికి వేరే మనుషులు లేరు కాబట్టి. చివరి మూడు ఎపిసోడ్లు మాంగాని కుదించి పరుగెత్తించారు. వెనక్కి వెళ్లే శక్తి ఎక్కడిది, ఎందుకు అతనికే అనేది ఒక్క ముక్క కూడా చెప్పరు. నియమాలు కావాలనుకునేవాళ్లకి ఇది వెలితి, మనుషులు కావాలనుకునేవాళ్లకి అసలు లెక్కలోకే రాదు. పిల్లల మీద హింస చూడలేనివాళ్లు మాత్రం ఆలోచించుకుని మొదలుపెట్టండి.

రీ:జీరో కూడా వైట్ ఫాక్స్ స్టూడియోదే, 2016లో మొదలైంది. వేరే లోకంలో పడ్డ సుబారు చనిపోయిన ప్రతిసారీ ఒక నిర్ణీత క్షణానికి తిరిగి వస్తాడు, ఆ క్షణం ఎప్పుడు ముందుకు జరుగుతుందో అతని చేతిలో లేదు. ఖరీదు విషయంలో స్టైన్స్ గేట్‌కి నిజమైన పోటీ ఇదే: ప్రతి ప్రయత్నానికీ నిజంగా చావాలి, ఆ నొప్పి గుర్తుంటుంది, పైగా ఎవరికైనా చెప్పబోతే కనపడని చెయ్యి ఒకటి వచ్చి గుండె పట్టుకుంటుంది. అతను చచ్చి కాపాడిన మనుషులు అతన్ని కొత్తవాడిగానే చూస్తారు, తను వాళ్లకోసం ఎంత చేశాడో చెప్పుకోలేడు, ఆ ఉక్రోషంతో అందరి ముందూ నోరు జారి పరువు పోగొట్టుకునే ఎపిసోడ్లు చూస్తుంటే మనకే తల దించుకోవాలనిపిస్తుంది. అది లోపమని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. అంత చేతగాని కోపం నుంచి మొదలైతేనే 18వ ఎపిసోడ్‌లోని ఆ సుదీర్ఘమైన సంభాషణ అంతగా పండింది. అసలు సమస్య పొడవు. మొదటి సీజన్ 25, రెండోది 25, మూడోది 16 ఎపిసోడ్లు, అయినా కథ ఇంకా మిగిలే ఉంది, మూలమైన నవలలే పూర్తికాలేదు. రక్తపాతం కూడా ఎక్కువ. ముగింపు కావాలనుకునేవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు.

టోక్యో రివెంజర్స్ మాస్ సినిమా టైపు. 26 ఏళ్ల తకెమిచి 2017 నుంచి సరిగ్గా పన్నెండేళ్లు వెనక్కి, తన స్కూలు రోజుల్లోకి వెళ్లి, తను ప్రేమించిన హినాతాని చంపబోయే గ్యాంగ్ ఎదగకుండా ఆపాలని చూస్తాడు. పన్నెండేళ్ల లెక్క బాగుంటుంది, ఎందుకంటే అక్కడ పోయిన రోజు ఇక్కడా పోయినట్టే, అదే రోజుకి రెండోసారి వెళ్లలేడు. ఇంత మంచి నియమం పెట్టుకుని దాన్ని సరిగ్గా వాడుకోలేదు. రెండు కాలాల మధ్య తిరగడానికి ఒక వ్యక్తితో చేయి కలిపితే చాలు, ఒంటికి దెబ్బలు తప్ప ఆ శక్తికంటూ అతను కట్టే ఖరీదు లేదు. హీరో ప్రతి ఎపిసోడ్‌లో ఏడుస్తాడు, ఫైట్లలో బొమ్మ కదలడం తక్కువ, నిలిచిపోయిన ఫ్రేముల మీద గీతలు లాగించి నడిపేస్తారు. అయినా జనానికి ఎందుకు ఎక్కిందంటే మైకీ, డ్రాకెన్ అనే రెండు పాత్రల వల్ల. స్నేహం, మాట మీద నిలబడటం, గ్యాంగు మొత్తం బైకుల మీద ఒకేసారి దిగే ఎంట్రీలు, ఇవన్నీ మనవాళ్లకి బాగా అలవాటైన రుచులే. ఇంకో సంగతి, ఆ గ్యాంగు గుర్తు మంజీ, అంటే బౌద్ధ స్వస్తిక్. పాశ్చాత్య దేశాల్లో నాజీ గుర్తుతో పొరపడతారని బయటి దేశాలకి ఇచ్చిన వెర్షన్‌లో దాన్ని చెరిపేశారు, అందుకే జెండాలు వింతగా ఖాళీగానో మెరుపుతోనో కనిపిస్తే మీ వీడియో పాడైందనుకోకండి. గడప మీద స్వస్తిక్ వేసుకునే మనకి అది కొంచెం చివుక్కుమనిపించే విషయమే. మూడు సీజన్లయినా యానిమేలో కథ చివరిదాకా రాలేదు, మాంగా మాత్రం 2022లో ముగిసింది.

సమ్మర్ టైమ్ రెండరింగ్ పేరు మన దగ్గర వినిపించడమే తక్కువ, నాకు అది చాలా బాధ. 2022లో వచ్చింది, 25 ఎపిసోడ్లు, మాంగా మొత్తాన్నీ పూర్తిగా చెప్పి ముగించారు. చిన్నప్పటి స్నేహితురాలు ఉషియో నీళ్లలో మునిగి చనిపోయిందని తెలిసి షింపెయ్ తన ఊరికి, ఒక చిన్న ద్వీపానికి, అంత్యక్రియలకి వస్తాడు. ఊళ్లో మనుషుల నీడలు ఆ మనుషుల్లాగే రూపం తెచ్చుకుని వాళ్లని చంపుతున్నాయని మొదటి ఎపిసోడ్‌లోనే తెలుస్తుంది. వకయామాలోని తొమొగషిమ ద్వీపాన్ని చూసి గీసిన ఊరు అది, ఎండ, పడవలు, సముద్రం అంతా కళ్లముందు ఉంటుంది. ఇక్కడి నియమం నాకు చాలా ఇష్టం: షింపెయ్ చనిపోయి వెనక్కి వెళ్లిన ప్రతిసారీ అతను తేలే క్షణం కొంచెం కొంచెంగా ముందుకు జరుగుతుంది. అంటే ఇంకా ఎన్నిసార్లు ప్రయత్నించవచ్చో ఆ లెక్క తరిగిపోతూ ఉంటుంది, ఆలస్యమైతే కాపాడాల్సిన మనిషి అప్పటికే పోయి ఉంటాడు. పైగా శత్రువు వెర్రిబాగులది కాదు, ఇతను వెనక్కి వెళ్తున్నాడని కనిపెడుతుంది, ఎత్తుకి పైఎత్తు వేస్తుంది. స్టైన్స్ గేట్‌లో తేలిపోయిన విలన్ ఇక్కడ గట్టిగా నిలబడింది. లోపాలు లేవని కాదు. మొదటి ఎపిసోడ్‌లో అనవసరమైన చవకబారు సీన్ ఉంది, అలాంటివి తర్వాత కూడా కొన్ని తగులుతాయి. సెకండాఫ్‌లో నీడల శక్తుల వివరాలు ఎక్కువైపోయి, ఫోన్ చూస్తూ పక్కచూపులు చూస్తే అర్థం కాని పరిస్థితి వస్తుంది. కానీ బిగువులో మిగతా ఏ సిరీస్‌కీ తీసిపోదు.

ఆరోది సిరీస్ కాదు, సినిమా. మమోరు హొసోదా 2006లో తీసిన ద గర్ల్ హూ లెప్ట్ త్రూ టైమ్, గంటన్నర పైచిలుకు. మకొటో అనే స్కూలు పిల్లకి వెనక్కి దూకే శక్తి వస్తే దాన్ని చెల్లెలు తినేసిన పుడ్డింగ్ ముందే తినడానికి, కరోకే గంటలు పొడిగించుకోవడానికి, ఇబ్బందికరమైన మాట తప్పించుకోవడానికి వాడుకుంటుంది. తను తప్పించుకున్న దెబ్బ వేరే ఎవరికో తగులుతోందని ఆలస్యంగా గమనిస్తుంది. ఖరీదు పక్కవాళ్లు కట్టడం అనే ఆలోచన ఎంత బాగుందో చెప్పలేను. చివర్లో ఒక పెయింటింగ్‌కి సంబంధించిన కారణం సరిగా అతకలేదు, అంతే. ఇంట్లో అందరితో కలిసి నిశ్చింతగా చూడగలిగింది ఈ ఆరింటిలో ఇదొక్కటే.

మరి ఏది ఎంచుకోవాలి? యానిమే అసలు అలవాటు లేదు, ఒక్క సాయంత్రం ఖాళీ ఉందంటే సినిమా చూడండి. శనాదివారాల్లో ఒక కథ పూర్తిచేసి కళ్లు తుడుచుకోవాలంటే ఎరేజ్డ్. థ్రిల్లర్ పిచ్చి ఉంది, నెమ్మదిగా నడిస్తే నిద్రొస్తుంది అనేవాళ్లు స్టైన్స్ గేట్ కంటే ముందు సమ్మర్ టైమ్ రెండరింగ్ పట్టుకోవాలి, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. గ్యాంగులు, ఎలివేషన్లు కావాలి, లాజిక్ కొంచెం అటూ ఇటూ అయినా పర్లేదు అంటే టోక్యో రివెంజర్స్ మొదటి సీజన్ సరిపోతుంది, ఆ పైన మాంగా చదువుకోవడం నయం. హీరో మీద కోపం వస్తున్నా అతనితో పాటు పెరగడానికి ఓపికున్నవాళ్లకి రీ:జీరో. చివరిదాకా నియమం తప్పని కథ, ఖరీదు పూర్తిగా చెల్లించే హీరో కావాలంటే స్టైన్స్ గేట్, కానీ ఒక షరతు: 12వ ఎపిసోడ్ దాకా చూసే ఉద్దేశం ఉంటేనే మొదలుపెట్టండి. నాలుగింటికి ఆపేసేటట్టయితే అసలు ముట్టుకోకండి, పరీక్షలో ప్రశ్నపత్రం చదివి లేచి వచ్చినట్టే. మొదటి ఎపిసోడ్ అర్థం కాకపోతే కంగారుపడొద్దు, అర్థం కాకూడదనే అలా తీశారు, 23వ ఎపిసోడ్‌కి వచ్చాక అదే సీన్‌కి మళ్లీ తీసుకెళ్తారు. సబ్‌టైటిల్స్ చదవడం కష్టమనుకుంటే దీని ఇంగ్లీష్ డబ్బింగ్ బాగా చేశారు, జోకులు కొంచెం మార్చారు గానీ ఒకాబే పొగరు తగ్గలేదు. నా ఓటు మాత్రం జపనీస్‌కే.

స్టైన్స్ గేట్ ఎంచుకున్నవాళ్లకి వరసలో గందరగోళం వస్తుంది కాబట్టి అదీ చెప్తాను. 24 ఎపిసోడ్లు అయ్యాక 25వది ఒకటి విడిగా వచ్చింది, అమెరికాలో జరిగే తేలికపాటి కథ, అంత ఏడుపు తర్వాత ఊపిరి పీల్చుకోవడానికి బాగుంటుంది. 2013లో వచ్చిన సినిమా కురిసు వైపు నుంచి నడుస్తుంది, ఆమె ఇష్టమైతే చూడండి, కథకి తప్పనిసరి కాదు. 2018లో వచ్చిన స్టైన్స్ గేట్ జీరో 23 ఎపిసోడ్లు, ఒకాబే ఓడిపోయి ఆశ వదిలేసిన దారిలో ఏం జరిగిందో చెప్తుంది. దానికి ముందు, 2015 చివర్లో పాత సిరీస్ పునఃప్రసారంలో వేసిన 23వ ఎపిసోడ్ రెండో రూపం చూడాలి, లేకపోతే ఆ దారి ఎక్కడ చీలిందో తెలియదు. జీరోలో చాలా చోట్ల కథ చెదిరిపోయింది, కొత్త పాత్రలు పాతవాళ్లంత నిలబడలేదు, యానిమేషన్ కూడా ఒక మెట్టు కిందే. కానీ ఎనిమిదో ఎపిసోడ్ ఒక్కటి మొదటి సిరీస్‌లోని మంచి ఎపిసోడ్లతో సమానంగా నిలుస్తుంది, దాని కోసమైనా చూడొచ్చు. కథాకాలం ప్రకారం జీరోని పాత సిరీస్ మధ్యలో ఇరికించి చూడమని కొందరు సలహా ఇస్తారు. ఆ పని చేయకండి, అలా చేస్తే 24 ఎపిసోడ్లపాటు పేర్చుకుంటూ వచ్చిన క్లైమాక్స్‌కి సరిగ్గా ఒక్క అడుగు ముందు మొత్తం ఊపు పోతుంది. పాతది పూర్తిచేసి, కొన్ని వారాలు ఆగి, అప్పుడు జీరో మొదలుపెట్టండి.